చెక్క లేని గిటార్ కొన్నాను: 8 రోజుల తర్వాత నా మాట

ముందు రెండు శబ్దాలు వినిపిస్తాను. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి, కళ్ళు మూసుకోండి.

[ఒకే జి కార్డ్‌ను రెండు గిటార్ల మీద ఒకదాని తర్వాత ఒకటి వాయిస్తారు]

విన్నారు కదా. అందులో ఒకటి నేను ఇంటర్ చదివే రోజుల నుంచి వాయిస్తున్న చెక్క గిటార్. రెండోదాని బాడీలో గానీ, నెక్‌లో గానీ చెక్క పుల్ల ఒక్కటి లేదు. మొత్తం కార్బన్ ఫైబర్. ఏది ఏదో కింద రాయండి, జవాబు మధ్యలో చెప్తాను.

ఈ కార్బన్ గిటార్ ఇంటికొచ్చి ఇవాళ్టికి 8 రోజులు. వెనక్కి పంపాలంటే 10 రోజుల గడువు ఉంది. అంటే ఎల్లుండితో అయిపోతుంది. దీని ధర 58,000 రూపాయలు. హోమ్ ట్యూషన్లు, పెళ్ళి ఈవెంట్లు కలిపి రెండు సీజన్లు దాచుకున్న డబ్బు ఇది. కాబట్టి ఇది మామూలు అన్‌బాక్సింగ్ వీడియో కాదు. ఉంచుకోవాలా, పంపెయ్యాలా అని నాలో నేను పడుతున్న గొడవ, మీ ముందు పెడుతున్నా అంతే.

బ్రాండ్ పేరు చెప్పను. ఎవరూ నాకు డబ్బులివ్వలేదు, ఫ్రీగా పంపలేదు. పేరు చెప్తే మంచి చెప్పినా చెడు చెప్పినా కింద యుద్ధం మొదలవుతుంది, అసలు విషయం పక్కకి పోతుంది. నేను చెప్పేదాంట్లో ముప్పావు వంతు ఏ కార్బన్ గిటార్‌కైనా వర్తిస్తుంది.

అసలు ఎందుకు కొన్నానంటే, మే నెలలో భీమిలి రోడ్డు వైపు ఒక పెళ్ళి. సాయంత్రం సంగీత్. మధ్యాహ్నం సౌండ్ చెక్ అయ్యాక భోజనాలకి వెళ్తూ గిటార్‌ని కారు వెనక సీట్లో పెట్టి అద్దాలు ఎత్తేశాం. గంటన్నర. అంతే. సాయంత్రం ట్యూన్ చేస్తుంటేనే ఏదో తేడాగా ఉంది, తీగలు బాగా పైకి ఉన్నాయి అనిపించింది. టైం లేదు, ఎక్కేశాను. రెండో పాట మధ్యలో "టప్" మని ఒక శబ్దం. చూస్తే బ్రిడ్జ్, అంటే కింద తీగలు బిగించే చెక్క పట్టీ, వెనక అంచు లేచిపోయి ఉంది. వేలు పెడితే కింద ఖాళీ తగులుతోంది. మిగతా పాటలన్నీ మా కీబోర్డ్ అన్న ఒక్కడే లాగాడు. నేను స్టేజీ మీద గిటార్ పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాను. పెళ్ళి వీడియోలో కూడా అలాగే ఉంటాను, జీవితాంతం.

మాకివ్వాల్సిన దాంట్లో 3,000 కోశారు. వాళ్ళని అనడానికి లేదు.

ఆ గిటార్ మా అన్నయ్యది. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ "ఒరేయ్, ఇది నువ్వుంచుకో, నాకిక కుదరదు" అని ఇచ్చేశాడు. దాని మీదే నేర్చుకున్నా, దాని మీదే సంపాదించా. బ్రిడ్జ్ లేవడం అది మూడోసారి. పూర్ణా మార్కెట్ వైపు ఒక పెద్దాయన ఉన్నాడు, హార్మోనియంలు, వీణలు, గిటార్లు అన్నీ చూస్తాడు. పట్టుకెళ్తే తల ఎత్తకుండానే "ఏటి బాబూ, మళ్ళీ తెచ్చావా" అన్నాడు.

"ఏం చెయ్యను బాబాయ్, జిగురు నిలవట్లేదు."

"జిగురు తప్పు కాదు నాయనా. ఇటు సముద్రం, అటు నువ్వు. మధ్యలో చెక్క ఏం చేస్తది?"

ఆయన అన్నది అక్షరాలా నిజం. కొంచెం ఆగి ఇది అర్థం చేసుకుందాం, ఎందుకంటే గిటార్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఇది అవసరం.

గిటార్ పైపలక, టాప్ అంటాం కదా, దాని మందం దాదాపు 3 మిల్లీమీటర్లు. ఎక్కువగా స్ప్రూస్ చెక్క. మామూలు లైట్ గేజ్ తీగలు ఆరూ బిగిస్తే మొత్తం లాగుడు 70 కిలోల పైమాటే. అంటే పొద్దున్నా రాత్రీ ఒక మనిషి ఆ పలుచటి చెక్కని పట్టుకుని వేలాడుతున్నట్టు. వేలాడుతూనే అది కంపించాలి, పాడాలి. అదీ దాని ఉద్యోగం.

పైగా చెక్క తడిని పీలుస్తుంది, వదుల్తుంది. గిటార్‌కి గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే హాయి. మా వైజాగ్‌లో వానాకాలం 80 దాటడం మామూలు విషయం. తడి పీల్చి పైపలక ఉబ్బుతుంది, బ్రిడ్జ్ పైకి లేస్తుంది, తీగలు ఎత్తుగా అయి వేళ్ళు నొప్పెడతాయి. అదే అనంతపురంలోనో కర్నూల్లోనో ఎండాకాలం ఉన్నారనుకోండి, రివర్స్. చెక్క ఎండి కుంచించుకుపోతుంది, ఫ్రెట్ల చివర్లు పక్కకి పొడుచుకొచ్చి చేతికి గీసుకుంటాయి, మరీ ఎండితే పగుళ్ళు. ఇక ఎండలో మూసిన కారంటే లోపల 60 డిగ్రీల దాకా వెళ్ళొచ్చు. ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది, పైన 70 కిలోల లాగుడు సిద్ధంగా ఉంది. టప్.

ఇది గిటార్ ఒక్కదాని బాధా కాదు. మా పెద్దమ్మ దగ్గర బొబ్బిలి వీణ ఉంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి చేస్తారు దాన్ని. దాని 24 మెట్లూ మైనంలో కూర్చుని ఉంటాయి. ఎండాకాలం ఆవిడ ఆ వీణని కిటికీ దగ్గర పెట్టనిచ్చేది కాదు. మైనం మెత్తబడితే మెట్టు జరుగుతుంది, మెట్టు జరిగితే స్వరం పోతుంది. చిన్నప్పుడు ఆ చాదస్తం చూసి నవ్వుకునేవాళ్ళం. మే నెల తర్వాత నవ్వడం మానేశా.

సరే, ఆషాఢం వచ్చింది, పెళ్ళిళ్ళు లేవు. శ్రావణంలో మళ్ళీ వరసగా ఉన్నాయి. ఈలోపు ఏదో ఒకటి తేల్చాలి. మళ్ళీ చెక్కదే కొనాలా, ఇంకేమైనా ఉందా అని వెతుకుతుంటే ఈ కార్బన్ ఫైబర్ తగిలింది.

ఇదేం కొత్త పిచ్చి కాదు. అమెరికాలో చార్లెస్ కామన్ అనే ఆయన హెలికాప్టర్లు తయారుచేసేవాడు, గిటార్ కూడా వాయించేవాడు. 1960లలో ఓవేషన్ అనే గిటార్ కంపెనీ పెట్టి, వెనకభాగం చెక్క బదులు సింథటిక్ పదార్థంతో గిన్నెలా గుండ్రంగా పోతపోసి అమ్మాడు. హెలికాప్టర్ రెక్కల్లో కంపనం ఎలా తగ్గించాలో తెలిసినవాళ్ళు గిటార్‌లో దాన్ని ఎలా పెంచాలో కనిపెట్టారన్నమాట. 1970లలో అదే కంపెనీ అడమాస్ అనే మోడల్‌లో పైపలకకే కార్బన్ వాడింది. తర్వాత 1990లలో హవాయి దీవుల్లో జాన్ డెకర్ అనే భౌతికశాస్త్రవేత్త రెయిన్‌సాంగ్ పేరుతో కార్బన్ గిటార్లు మొదలుపెట్టాడు. హవాయి అంటే చుట్టూ సముద్రం, తేమ, వాన. పేరులోనే వాన పెట్టుకున్నాడు చూడండి. మన బాబాయ్ చెప్పిన సమస్యే, వేరే సముద్రం.

తయారీ ఎలా అంటే, కార్బన్ పోగులతో నేసిన బట్టని ఎపాక్సీ రెసిన్‌తో తడిపి, అచ్చులో పొర మీద పొర పరిచి, ఒత్తిడి పెట్టి, వేడిచేసి గట్టిపరుస్తారు. చెక్కకి నార ఒక దిక్కుకే ఉంటుంది, ఆ దిక్కున గట్టి, అడ్డంగా బలహీనం. ఇక్కడ ఏ పొరని ఏ దిక్కుకి పరవాలో మనిషి నిర్ణయిస్తాడు. చాలావాటిలో బాడీ, నెక్ అంతా ఒకే ముక్కలా ఉంటుంది. ఊడిపోడానికి అతుకే తక్కువ.

ఇక డబ్బా విప్పిన రోజు.

మొదట నాకు తగిలింది వాసన. అంటే, వాసన లేకపోవడం. చెక్క గిటార్ కేస్ తెరిస్తే ఒక వాసన వస్తుంది కదా, పాత బీరువాలా, వార్నిష్‌లా. దీని సౌండ్‌హోల్‌లో ముక్కు పెట్టి చూశా, ఏమీ లేదు. కొత్త ఫోన్ డబ్బాలా ఉంది. మా అమ్మ వచ్చి చూసి, వేలితో తట్టి, "ఇదేంట్రా, దోసెల పెనంలా ఉంది" అంది. నల్లగా నిగనిగలాడుతుంది, లోపల బట్ట నేత గళ్ళు కనిపిస్తాయి, నాకైతే నచ్చింది. కానీ వేలిముద్రలు! పది నిమిషాలకి పోలీస్ స్టేషన్ రికార్డులా తయారైంది.

బరువు విషయంలో నిరాశపడ్డా. కార్బన్ అంటే ఈకలా ఉంటుందనుకున్నా. నా చెక్కదానికీ దీనికీ చేతిలో పెద్ద తేడా తెలియట్లేదు. నిజానికి మంచి చెక్క గిటార్ ముందే తేలిక. ఇక్కడ కార్బన్ వాడేది బరువు కోసం కాదు, వాతావరణం కోసం.

ఇంకోటి, జారుతుంది. ఒళ్ళో పెట్టుకుంటే వీపుభాగం నున్నగా ఉండి తొడ మీంచి మెల్లగా జారిపోతూ ఉంటుంది. మన చెమటకి ఇంకా జారుడు. మొదటిరోజు దాన్ని ఆపడానికే ఎడమ చేయి నెక్‌ని మోయాల్సి వచ్చింది, కార్డులు సరిగ్గా పడలేదు. మూడోరోజుకి స్ట్రాప్ తగిలించుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నా. నెక్ మాత్రం అద్భుతం. పైకీ కిందకీ చెయ్యి నూనె రాసినట్టు వెళ్తుంది.

ఇప్పుడు శబ్దం. అసలు సంగతి.

మొదటి కార్డ్ కొట్టగానే నాకు నచ్చలేదు. నిజం చెప్తున్నా. పెద్దగా ఉంది, స్పష్టంగా ఉంది, స్టీలు గిన్నె మోగినట్టు చాలాసేపు నిలుస్తోంది. కానీ ఏదో చల్లగా ఉంది. కింద గట్టిగా, పైన మెరుస్తూ, మధ్యలో ఉండాల్సిన ఆ కండ లేదు. మన పాటల్లో గిటార్ ఎక్కువగా గొంతు వెనకాల మెత్తగా కూర్చోవాలి కదా, ఇదేమో గొంతు పక్కన వచ్చి నిలబడుతోంది. వేళ్ళు తీగ మీద జరిగినప్పుడు వచ్చే కీచు కూడా ఎక్కువ వినిపిస్తోంది. ఆ రాత్రి పడుకునే ముందు రిటర్న్ బటన్ ఎక్కడుందో చూసి పెట్టుకున్నా. 58,000 మరి.

రెండోరోజు ఒక పని చేశా. దానితో వచ్చిన తీగలు తీసేసి, నేను రోజూ వాడే ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలే వేశా. అప్పుడు కదా సమానంగా పోల్చినట్టు! తేడా బాగా తెలిసింది. మెరుపు తగ్గి, కాస్త వెచ్చదనం వచ్చింది. మీరు ఎప్పుడైనా కొత్త గిటార్‌ని తిట్టేముందు తీగలు మార్చి చూడండి. ప్లెక్ట్రమ్ కూడా పల్చటిది పక్కన పెట్టి మందంది పట్టుకున్నా, ఇంకొంచెం గుండ్రంగా అయింది.

[వేళ్ళతో నెమ్మదిగా ఒక ఆర్పెజియో వాయిస్తారు]

ఇదిగో, ఇలా వేళ్ళతో మీటితే మాత్రం దీని ముందు నా చెక్కది నిలబడదు. ఒక్కో స్వరం విడిగా, ముత్యాలు పేర్చినట్టు. స్ట్రమ్మింగ్‌కి చెక్కది, ఫింగర్‌స్టైల్‌కి ఇది. ఇవాళ్టికి నా తీర్పు ఇదే.

మా స్టూడెంట్స్ ఐదుగురిని అటు తిప్పి కూర్చోబెట్టి రెండూ వాయించా. చెక్కది ఏదో చెప్పమంటే ముగ్గురు కరెక్ట్‌గా చెప్పారు, ఇద్దరు తప్పు చెప్పారు. ఏది బాగుంది అంటే మాత్రం నలుగురు కార్బన్‌నే చెప్పారు. ఐదుగురితో ఏం తేలదు లెండి. కానీ ఆ ఐదోవాడు అన్నమాట నాకు గుర్తుండిపోయింది. "సార్, మొదటిది మీరు వాయిస్తున్నట్టుంది, రెండోది రికార్డింగ్ వింటున్నట్టుంది" అన్నాడు. వాడికి పదిహేనేళ్ళు.

అన్నట్టు, వీడియో మొదట్లో వినిపించిన వాటిలో మొదటిది చెక్క, రెండోది కార్బన్. ఫోన్ స్పీకర్లో విని తప్పు చెప్పినవాళ్ళు బాధపడకండి, అంత చిన్న స్పీకర్లో తేడాలన్నీ రావు.

ఇక నేను కొన్న కారణానికి వద్దాం. వాతావరణం. నాలుగోరోజు రాత్రి వాన పడుతోంది. రెండు గిటార్లనీ ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి సరిగ్గా ట్యూన్ చేసి, బాల్కనీలో జల్లు పడని మూల, తువ్వాలు పరిచి పెట్టా. అమ్మ చూసి "పిల్లల్ని బయట పడుకోబెట్టినట్టు ఏంట్రా అది" అంది. పొద్దున్న లేచి చూస్తే చెక్క గిటార్ తీగలన్నీ శృతి పెరిగి ఉన్నాయి. ఐదో తీగ అయితే 15 సెంట్లు పైకి. సెంట్ అంటే ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య దూరంలో వందో వంతు. 15 అంటే చెవికి గుచ్చుకుంటుంది. చెక్క తడి పీల్చి ఉబ్బి తీగల్ని ఇంకా లాగింది. కార్బన్‌ది? ఒకటి, రెండు సెంట్లు. ముట్టుకోకుండా వాయించేయొచ్చు.

అప్పుడు నాకు గాల్లో తేలినట్టనిపించింది. కానీ అక్కడే ఆగితే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది. మర్నాడు మధ్యాహ్నం వాన వెలిసి ఎండ కాసింది. కార్బన్ గిటార్‌ని ఒక్కదాన్నే అరగంట ఎండలో పెట్టా. తీగలు శృతి దిగిపోయాయి, ఒక్కోటి 8, 10 సెంట్లు. ఎందుకు? గిటార్ మారలేదు, తీగలు మారాయి. తీగలు లోహం. వేడికి సాగుతాయి, బిగువు తగ్గుతుంది. నీడలోకి తెచ్చిన కాసేపటికి మళ్ళీ దాదాపు ఎక్కడికక్కడ వచ్చేశాయి. కాబట్టి "కార్బన్ గిటార్ ట్యూనింగ్ అసలు పోదు" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. స్టేజీ లైట్ల వేడికి దీనికీ శృతి దిగుతుంది. తేడా ఏంటంటే శృతి దిగుతుంది గానీ గిటార్ వంగదు. వేడి తగ్గితే వెనక్కి వస్తుంది. చెక్కది ఒకసారి ఉబ్బి, బ్రిడ్జ్ లేచిందంటే వెనక్కి రాదు.

తీగలకి తుప్పు కూడా మామూలే. సముద్రపు గాలికి కార్బన్ అయితే ఏంటి, చెక్క అయితే ఏంటి. కోటెడ్ తీగలు వేసుకోవాల్సిందే, వాయించాక తుడవాల్సిందే.

ఇప్పుడు నన్ను భయపెట్టిన విషయాలు. నా దాంట్లో ట్రస్ రాడ్ లేదు. అంటే నెక్ లోపల, దాని వంపుని సరిచేసే ఇనుప కడ్డీ. నెక్ వంగదు కాబట్టి అక్కర్లేదని పెట్టలేదు. కొన్ని కార్బన్ గిటార్లలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. లేకపోతే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ నాకు తీగల ఎత్తు ఇంకొంచెం తగ్గితే బాగుండు. ఇక దారి ఒక్కటే, శాడిల్ తీసి అడుగు అరగదీయడం. ఎక్కువ అరిగిందంటే కొత్త శాడిల్ కొనాలి.

బాబాయ్ దగ్గరికి పట్టుకెళ్ళా. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, గోరుతో కొట్టి, వెనక్కి ఇచ్చేశాడు. "శాడిల్ అయితే అరగదీస్తా గానీ, ఇది పగిలితే నా దగ్గరికి తేవద్దు. నాకు రాదు" అన్నాడు. నలభై ఏళ్ళుగా వాయిద్యాలు బాగుచేస్తున్న మనిషి నోట ఆ మాట వినగానే ఎక్కడో కలుక్కుమంది. చెక్క పగిలితే ఊళ్ళో చూసేవాడున్నాడు. కార్బన్ మామూలు దెబ్బలకి చెక్క కంటే గట్టిగా నిలుస్తుంది. కానీ గట్టి దెబ్బ తగిలి పొరలు విడిపోతే ఎపాక్సీ పని తెలిసినవాడు కావాలి, మా చుట్టుపక్కల నాకెవరూ కనపడలేదు.

ఒక జాగ్రత్త కూడా. స్ట్రాప్ బటన్ కోసమనో, పికప్ జాక్ కోసమనో కార్పెంటర్ దగ్గర డ్రిల్లు పెట్టించకండి. ఆ కార్బన్ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, చర్మానికి తగిలితే దురద. పైగా కార్బన్ కరెంటుని పోనిస్తుంది. పికప్ వైరింగ్, గ్రౌండింగ్ సరిగ్గా లేకపోతే స్పీకర్లో హమ్ వస్తుంది. ముందే పికప్ ఉన్నది తీసుకోవడం మేలు.

పర్యావరణానికి మంచిదా అని ఒక తమ్ముడు అడిగాడు. 2017లో రోజ్‌వుడ్ జాతి చెక్కల మీద అంతర్జాతీయ వ్యాపార నియమాలు బిగించారు, మన జిట్టేగి కూడా అందులోదే. 2019 చివర్లో తయారైన వాయిద్యాలకి సడలింపు ఇచ్చారు. ఆ గొడవ కార్బన్‌కి లేదు, నిజమే. కానీ కార్బన్ పోగు ఎక్కువగా పెట్రోలియం నుంచి వస్తుంది, పాడైతే మళ్ళీ కరిగించి వాడటం కష్టం. చెక్క మట్టిలో కలుస్తుంది. ఇక మీరే చెప్పండి.

కొనాలనుకునేవాళ్ళకి ఒకటే మాట. ఇది మీ మొదటి గిటార్ అయితే వద్దు. మీ బాధ తేమ అయితే, లామినేట్ గిటార్ చూడండి. అంటే పలుచటి పొరలు అతికించి చేసిన పలక. శబ్దంలో సాలిడ్ చెక్కకి సాటి రాదు గానీ వాతావరణానికి దానికంటే బాగా తట్టుకుంటుంది, నేర్చుకోడానికి బంగారం. ఒక చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ కొని గదిలో పెట్టుకోండి, వానాకాలం కేస్‌లో సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి, కారులో వదలకండి. నాలా కాకండి. తక్కువ ధరకి "కార్బన్" అని కనిపించేవాటిలో చాలా వరకు ప్లాస్టిక్‌లో కార్బన్ కలిపి పోతపోసినవి, కొన్నింటికి పైన గళ్ళ ప్రింట్ మాత్రమే. అవి చెడ్డవని కాదు, ట్రావెల్‌కి బాగుంటాయి. కానీ వివరాల్లో పైపలకకి ఏం వాడారు, నెక్‌కి ఏం వాడారు అని విడివిడిగా చదవండి. చేతికి వచ్చాక సౌండ్‌హోల్‌లో ఫోన్ టార్చ్ వేసి లోపల నేత కనిపిస్తుందో లేదో చూడండి.

మరి నేను? పోయిన ఆదివారం దాకా నా లెక్క వేరు. పాత గిటార్ అమ్మేసి, ఆ డబ్బుతో కొంత పూడ్చుకుందామని. ఒక స్టూడెంట్ వాళ్ళ నాన్నగారు 6,000 ఇస్తానన్నారు. అన్నయ్యది కదా అని ఫోన్ చేసి అడిగా.

"ఒరేయ్, నీకు ఇచ్చేశాక అది నీది. నన్నెందుకు అడుగుతావు?"

"ఊరికే అన్నయ్యా, చెప్దామని."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "పైన, సౌండ్‌హోల్ పక్కన గీత ఉండాలి, ఉందా ఇంకా?" అన్నాడు. ఉంది. అన్నయ్య వాచీ గీసిన గీత. దాని కింద నా గోళ్ళు తగిలి పాలిష్ పోయిన చోటు, అరచేయంత. కార్బన్‌దాని మీద పదేళ్ళ తర్వాత కూడా అలాంటి చోటు ఉండదు. మంచి చెక్క వాయించేకొద్దీ శబ్దం విచ్చుకుంటుందని అంటారు. కార్బన్ ఇవాళ ఎలా ఉందో అప్పుడూ అలాగే ఉంటుంది. స్టేజీ ఎక్కేవాడికి కావాల్సింది సరిగ్గా అదే. ఇంట్లో కూర్చుని వాయించుకునేటప్పుడు మాత్రం నా చెయ్యి ఈ 8 రోజుల్లోనూ పాతదాని వైపే వెళ్ళింది, ఎన్నిసార్లని లెక్కపెట్టలేదు.

పాతది అమ్మట్లేదు. ఆ స్టూడెంట్‌కి వాళ్ళ బడ్జెట్‌లోనే మంచి లామినేట్ గిటార్ చూసిపెట్టా. కార్బన్‌ది వెనక్కి పంపట్లేదు. రిటర్న్ బటన్ ఎల్లుండి దానంతటదే మాయమైపోతుంది. పూడ్చాల్సిన డబ్బు కోసం శ్రావణంలో ఇంకో రెండు ఈవెంట్లు ఒప్పుకున్నా.

రేపు పొద్దున్న బాబాయ్ దగ్గర శాడిల్ అరగదీయిస్తున్నా, అర మిల్లీమీటరే. మొదటి ప్రోగ్రాం అరకులో, ఓపెన్ లాన్. అక్కడ మబ్బు ఎప్పుడు దిగుతుందో తెలీదు. ఫోన్ ట్యూనర్ ఆన్ చేసి స్టేజీ మీదే రికార్డ్ చేస్తా, శృతి ఎంత కదిలిందో నంబర్లతో సహా పెడతా. వాన పడితే ఇంకా మంచిది. పెళ్ళివాళ్ళకి చెప్పకండి.

[ఫింగర్‌స్టైల్‌లో చిన్న ముక్క వాయిస్తుండగా ఎపిసోడ్ ముగుస్తుంది]